తల్లికి ఇవ్వని గుండు

నీలకందర రాజ్యానికి పడమటి హద్దు అయిన నల్లబోడు కొండ దారిన ఆ మధ్యాహ్నం ఒక శవం పోతున్నది. ముందు నిప్పు కుండ పట్టుకుని ఒక పెద్దావిడ, వెనక పాడె మోస్తూ ఇద్దరు మగవాళ్ళు. డప్పు లేదు, బంధువులు లేరు. ఏడ్చేది కూడా ఆ ఆడమనిషి ఒక్కతే. ఊరంతా ఏడవాల్సిన ఏడుపు మాత్రం ఆమె ఒక్కతే ఏడుస్తున్నది.

పాడె మీద తెల్లగుడ్డ కింద ఉన్నది నిజానికి శవం కాదు, తుపాకి. పేరు గజకాళి. మనిషి నిలువు కంటే పొడుగు, పెద్ద నిమ్మకాయంత గుండు మింగే గొట్టం. పొలాల మీద పడి మనుషుల్ని తొక్కే మదపుటేనుగుల్ని దూరం నుంచే పడగొట్టడానికి వెనకటి రాజులెవరో చేయించారు దాన్ని. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులున్నాయి. గుండు వాటి వెంట గిరగిరా తిరుగుతూ బయటపడి, మామూలు తుపాకి గుండు చతికిలబడే చోటు దాటి ఇంకా ఎంతో దూరం తిన్నగా పోతుంది. అయితే అది ఒక్కడు ఎత్తి పేల్చే వస్తువు కాదు. ఒకడు ముందు మోకరించి కుడి భుజం ఇవ్వాలి. రెండోవాడు ఆ భుజం మీద గొట్టం ఆనించి గురి చూడాలి.

పాడె వెనక మోస్తున్న గోగన ఆ రెండోవాడు. తాత నాటి నుంచీ రాజుగారి వేట తుపాకి వాళ్ళ ఇంట్లోనే ఉంటున్నది. భుజం ఇచ్చేవాడు తమ్ముడు బైరన్న. తల ఎడమకు వంచి గొట్టానికి చోటు చేసి, “పెట్టన్నా” అనేవాడు. అంతే, ఇక గుండు పోయేదాకా బండరాయికి చలనం ఉంటుందేమో గానీ బైరన్నకు ఉండదు. ఆ భుజం ఇప్పుడు లేదు. కరాళదంతుడనే మాంత్రికుడు బైరన్నను ఎత్తుకుపోయాడు.

ఆ మాంత్రికుడికి చావు లేకుండా ఉండాలని కోరిక. చావు లేని మాంత్రికుడు పక్కన ఉంటే మిగతావాళ్ళకు బతుకు ఉండదన్నది వేరే సంగతి. కాకిముక్కు శిఖరం మీద ఏళ్ళ తరబడి పట్టిన దీక్ష ఈ రోజుతో ముగుస్తుంది. సాయంత్రం సూర్యుడు పడమటి కొండ కొనను తాకే క్షణంలో, రెప్ప వేయని మనిషి తల బలి ఇవ్వాలి. అలాంటి మనిషి కోసం అతను ఎన్నో దేశాలు గాలించాడు. కళ్ళ ముందు కొడవలి ఝళిపిస్తే పేరు మోసిన వీరులు కూడా రెప్ప కొట్టారు. బైరన్న కొట్టలేదు. చిన్నప్పటి నుంచీ చెవి పక్కన గజకాళి పేలుతుంటే కదలకుండా కూర్చున్నవాడు. ఆ మోతకు కుడి చెవి ఏనాడో పోయింది గానీ, రెప్ప మాత్రం పడదు. తను నేర్పిన విద్యే తమ్ముడి మెడ మీదికి వచ్చిందని గోగనకు తెలుసు. తెలిసి చేయగలిగింది ఏమీ లేక, పాడె కొమ్మును గట్టిగా పట్టుకుని నడుస్తున్నాడు.

పాడె ముందు మోస్తున్న మనిషి ముఖం నిండా బూడిద పూసుకున్నాడు గానీ, చూసేవాళ్ళు చూస్తే ఆ నడక కూలివాడి నడక కాదు. అతను రాజకుమారుడు చిత్రభానుడు. కాకిముక్కు శిఖరం చుట్టూ మాంత్రికుడు ఒక బూడిద గీత గీశాడు. ఆ గీత దాటి నేల మీద అడుగు పెట్టిన ప్రాణి ఏదైనా రాయి అయిపోతుంది. చిత్రభానుడి సైన్యం గుర్రాలతో సహా దాటబోయి రాళ్ళయింది. ఆ సంగతి విన్న గోగన వచ్చి చెప్పిన మాట ఒక్కటే: మనిషి దాటలేడు, గుండుకు ప్రాణం లేదు గనక అది దాటుతుంది. గీత ఇవతల నుంచే కొట్టాలి. ఏనుగును కొట్టే దూరానికి అది ఎన్నో రెట్లు. అయినా ఇంకో దారి లేదు.

ఇక నిప్పు కుండ పట్టుకున్నావిడ తిమ్మక్క, గోగనకు పిన్ని. రాజ్యంలో ఆమె నూరిన తుపాకి మందుకు తిరుగులేదు. ఒక చేత్తో నిప్పులు పట్టుకుని, వెనక పాడె పూల కింద తను నూరిన మందు తిత్తులు పెట్టుకుని అంత నిబ్బరంగా ఏడవడం ఆమెకే చెల్లింది.

కొండ మలుపులో కావలివాళ్ళు అడ్డం వచ్చారు. మనిషి ఒళ్ళు, గుడ్లగూబ ముఖాలు. పగలు కళ్ళు సరిగా ఆనవు వాళ్ళకు, అందుకే మరీ దగ్గరికి వచ్చి వాసన చూస్తారు. ఒకడు ఈటె కొనతో పాడె గుడ్డను ఎత్తబోయాడు. చిత్రభానుడి చేయి నడుములో దాచిన బాకు మీదికి పోయింది.

తిమ్మక్క ఏడుపు ఆపలేదు, అందులోనే మాటలు కలిపింది. అయ్యో నా తండ్రీ, నీ ఒంటి మీద అమ్మవారు ముత్యాలు పోసిందే, నిన్ను ముట్టుకున్నవాడినల్లా తీసుకుపోయిందే, నిన్నగాక మొన్న గుడ్డ కప్పినవాడికి ఈ పూట కళ్ళు పోయాయే, అంటూ రాగం తీసింది. ఈటె గుడ్డ దగ్గరే ఆగిపోయింది. ఇంకొక కావలివాడికి మాత్రం అనుమానం తీరలేదు. నిప్పు కుండ ఆడది పట్టుకోవడమేమిటని గద్దించాడు. ఉన్న ఒక్క కొడుకూ పాడె మీదే ఉన్నాడు, నువ్వు పట్టుకుంటావా నాయనా అని తిమ్మక్క కుండ అతని చేతికి ఇవ్వబోయింది. అతను వెనక్కి గెంతి దారి వదిలాడు. మలుపు తిరిగాక చిత్రభానుడు బూడిద ముఖంతోనే నవ్వాడు. ఆ రోజుకు అతను నవ్వడం అదే ఆఖరు.

ఎర్రేరు పొంగి ఉంది. నడుం లోతు ఉండవలసిన చోట మెడ లోతు నీళ్ళు. పాడెను తలల మీదికి ఎత్తుకుని దిగారు. నడి ఏట్లో నీళ్ళు పెళ్ళున పైకి లేచాయి. మాంత్రికుడు ఆ ఏటికి కాపలా పెట్టిన మొసలి అది, వీపు మీద పొలుసులకు బదులు ఇనుప రేకులున్నాయి. పాడె ముందు వెదురును కరిచి ఒక్క విసురు విసిరింది. చిత్రభానుడు నీళ్ళ కిందికి పోయాడు. పూలు, గుడ్డ, మందు తిత్తులు అన్నీ ఏటి పాలయ్యాయి. గోగన తుపాకిని మాత్రం రెండు చేతులా పట్టుకుని ఎత్తి నిలబడ్డాడు. మొసలి నోరు తెరుచుకుని అతని మీదికే తిరిగింది.

తడవకముందే తిమ్మక్క చేతికి అందిన తిత్తి ఒక్కటే. దాని మూతిగుడ్డను కుండలో నిప్పుకు తాకించి, అంటుకోగానే ఆ తెరిచిన నోట్లో పడేసింది. మొసలి నోరు మూసింది, మూసిన నోరు మళ్ళీ తెరవలేదు. నీళ్ళ లోపల దబ్బుమని ఒక చప్పుడు, ఎర్రటి నురగ, తేలిపోతున్న ఇనుప రేకులు. గోగన కాలితో వెతికి చిత్రభానుడి జుట్టు దొరకబుచ్చుకుని పైకి లాగాడు.

ఒడ్డున కూలబడి లెక్క చూసుకుంటే మిగిలింది ఇదీ: గజకాళి, గోగన మొలలో కట్టుకున్న గుండ్లు, కుండ అడుగున ఇంకా ఎర్రగా ఉన్న నాలుగు నిప్పులు. మందు తిత్తి ఒక్కటి లేదు. తిమ్మక్క తన పెద్ద కొప్పు విప్పి అందులోంచి మందు దాచిన ఒక దున్నపోతు కొమ్ము తీసింది. అందులో ఉన్న మందు రెండు సార్లు పేల్చడానికి వస్తుంది, మూడోసారికి చాలదు. ఆమె దాన్ని చేతిలో పెట్టుకుని చూస్తూ, ఇది చాలు, ఒకటి తల్లికి, ఒకటి వాడికి అన్నది.

నీలకందర వేటగాళ్ళకు ఒక ఆచారం ఉంది. తుపాకి బయటికి తీసిన రోజున తొలి గుండు ఉరుములమ్మ తల్లిది. దాన్ని ఆకాశంలోకి పేల్చి దండం పెట్టుకుని, ఆ తరవాతే వేట మీద గురి పెట్టాలి. ఏనుగు ఎదురుగా నిలబడి ఉన్నా సరే, పొలిమేరలోనే తల్లి వాటా ఇచ్చి వెళ్ళవలసిందే. తాత ఇచ్చాడు, తండ్రి ఇచ్చాడు, గోగన ఇస్తూ వచ్చాడు. ఆకలితో ఉన్న రోజున కూడా ఎవరూ ఎగ్గొట్టలేదు.

ఏరు దాటి గట్టు ఎక్కేసరికి కాకిముక్కు శిఖరం ఎదురుగా నిలిచింది.

పడమట వాలిన సూర్యుడి కిరణాలు సోకి ఆ శిఖరం కొసన కుంకుమ చిమ్మినట్టున్నది. దాని కింద పాతాళం దాకా దిగిన నీలిలోయలో మేఘాలు మడతలు మడతలుగా పరుచుకుని, వాటి మీద గద్దలు రెక్క ఆడించకుండా తేలుతున్నాయి. లోయకు అడ్డంగా తాళ్ళ వంతెన. వంతెనకు కొంచెం ఇవతల, నేలను చీల్చుకుపోయిన తెల్లని బూడిద గీత. ఆ గీతకు ఆవల అడుగు ఎత్తిన కాలు ఎత్తినట్టే, జాడించిన జూలు జాడించినట్టే శిలలై నిలిచిన అశ్వాలు, వాటి మీద కత్తులు దూసిన శిలా వీరులు. ఒక సైనికుడి నోరు ఇంకా తెరిచే ఉంది. అందులో పిచ్చుక గూడు కట్టుకుంది. చిత్రభానుడు ఆ ముఖాన్ని గుర్తుపట్టి తల తిప్పుకున్నాడు.

గోగన కళ్ళు మాత్రం శిఖరం మీదే ఉన్నాయి. దూరం చూపు వేటగాడి సొత్తు. అక్కడ ఎత్తయిన రాతి పీట మీద కరాళదంతుడు కూర్చుని ఉన్నాడు. నల్లటి కోరలు గడ్డం మీదికి వచ్చాయి, ఒళ్ళో కొడవలి. పీట కింద మెట్టు మీద, ఇటు ముఖం పెట్టి, చేతులు వెనక్కి విరిచి కట్టి మోకాళ్ళ మీద కూర్చోబెట్టిన మనిషి బైరన్న. వెన్ను నిటారుగా ఉంది. భుజం ఇచ్చేటప్పుడు ఎలా కూర్చుంటాడో అలాగే కూర్చున్నాడు.

దీక్ష ముగిసేదాకా మాంత్రికుడు పీట దిగకూడదు. సూర్యుడు కొండను తాకకముందు కొడవలి ఎత్తకూడదు. అంతవరకూ వాళ్ళకు వ్యవధి ఉంది. సూర్యుడికీ కొండకూ మధ్య మాత్రం రెండు వేళ్ళ సందు కంటే ఎక్కువ లేదు.

తిమ్మక్క కొమ్ము మూత తీసి, తల్లి వాటా ముందు పేల్చెయ్యమంది. చిత్రభానుడు వద్దన్నాడు. ఆ లోయలో తుమ్మినా పది చోట్ల వినిపిస్తుంది, గజకాళి పేలితే కరాళదంతుడు వినడా? విన్నాడంటే బైరన్నను ఎత్తి తనకు అడ్డం పెట్టుకుంటాడు. అప్పుడు గోగన ఎవరిని కొడతాడు? తొలి గుండు తప్పిపోతే వాడుకోవడానికి రెండో మందు ఉండాలి. ఆకాశంలోకి పారబోసే రోజు కాదిది. అతను చెప్పినదాంట్లో తప్పు లేదు, గోగనకూ అలాగే అనిపించింది.

తిమ్మక్క గోగనను పక్కకు పిలిచింది.

“తల్లి వాటా ఎగ్గొట్టి కొట్టిన గుండు ఎక్కడికి పోతుందో నీకు తెలుసురా?”

“తెలీదు పిన్నీ. మన ఇంట్లో ఎవరూ కొట్టలేదుగా.”

“అదే నేనూ అనేది.”

“తల్లి కోపం నా మీద పెట్టుకుంటాను. వాడు బయటపడ్డాక నా తల తీసుకోమను.”

తిమ్మక్క మందు కొలిచి గొట్టంలో పోసింది. గోగన నూనె గుడ్డలో గుండు చుట్టి, కడ్డీతో అడుగుదాకా దించాడు. ఏట్లో తడిసిన గొట్టాన్ని అప్పటికే రెండు సార్లు తుడిచి, నూనె పట్టించి, అద్దంలా ఉంచాడు. ఇంత శుభ్రంగా ఎన్నడూ ఉంచలేదనుకున్నాడు. గొట్టం వెనక నిలబెట్టే గురి రేకుకు కిందినుంచి పైకి రంధ్రాలుంటాయి, ఒక్కో దూరానికి ఒక్కోటి. అన్నిటికంటే పైదాన్ని తండ్రి పిచ్చి రంధ్రం అనేవాడు. అంత దూరం నుంచి కొట్టేవాడికి పిచ్చి అయినా ఉండాలి, గత్యంతరమైనా లేకపోవాలి అని నవ్వేవాడు. ఒక ఎండాకాలమంతా బీడులో కుండలు పెట్టి కొట్టి, కొలిచి తొలిచిన రంధ్రం అది. గోగన ఆ రోజు దాంట్లోంచే చూశాడు.

చిత్రభానుడు మోకరించి కుడి భుజం ఇచ్చాడు. రాజకుమారుడి భుజం నునుపుగా ఉంది, గొట్టం ఆనే చోట బైరన్నకు ఉన్న కాయ లేదు. గోగన అతనికి ఒక్కటే చెప్పాడు, పేలేటప్పుడు ఊపిరి బిగబట్టమని. లోయ మీద గద్దలు ఏ వైపుకి జారుతున్నాయో చూసి, గాలికి తగినంత పక్కకు జరిపాడు. గురి మాంత్రికుడి రొమ్ము మీద నిలిచింది. తమ్ముడి తల దానికి మూరెడు కింద ఉంది. గోగన కుండలో నిప్పుతో అంటించిన వత్తిని మందు మీదికి దించాడు.

నేల అదిరింది. చిత్రభానుడు కదలలేదు. పొగ విడివడేలోగానే లోయ అవతలినుంచి రాయి పగిలిన చప్పుడు వచ్చింది.

గుండు రొమ్ముకు పోలేదు. చాలా కిందికి పోయి, బైరన్న కూర్చున్న మెట్టు అంచును కొట్టింది. లేచిన రాతిపెచ్చు ఒకటి అతని కుడి భుజాన్ని కండతో సహా చీల్చుకుపోయింది. ఇంత దూరానికీ ఎరుపు కనిపించింది. అతను వెనక్కి ఒరిగి, మళ్ళీ నిటారుగా అయ్యాడు. రెప్ప వేశాడో లేదో ఇక్కడినుంచి తెలియదు, వేసి ఉండడు.

చిత్రభానుడు ముఖం పాలిపోయి, తనే కదిలానేమోనని అడిగాడు. గోగన తల అడ్డంగా ఊపాడు. మీరు కదల్లేదు ప్రభూ, తప్పు మీది కాదు అన్నాడు. గాలి మారలేదు. గురి తప్పలేదు. మందు తిమ్మక్కది. ఇంక ఏమిటి? మాట్లాడుతూనే గొట్టం మీద చేయి వేశాడు. వెచ్చగా ఉంది. మూతి లోపల వేలు పెడితే మసి అంటింది. అక్కడ అతనికి తెలిసింది.

చల్లగా, నూనెతో నున్నగా ఉన్న గొట్టంలో గుండు వదులుగా జారుతుంది. మందు ఊపు సగం దాని పక్కల నుంచే పారిపోతుంది. ఒక గుండు పేలి, మసి పట్టి, గొట్టం వేడెక్కాక రెండో గుండు బిగిసి కూర్చుని ఉన్న బలమంతా తీసుకుపోతుంది. తండ్రి ఆ ఎండాకాలమంతా కుండల మీద కొట్టింది రెండో గుండు, మూడో గుండు. రేకుకు తొలిచిన ప్రతి రంధ్రమూ మసి పట్టిన గొట్టానిదే. తొలి గుండు ఎక్కడికి పోతుందో తాతకు తెలియదు, తండ్రికి తెలియదు, తనకు తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆ గుండు ఎప్పుడూ ఆకాశానిదే గదా. దగ్గరి ఏనుగుకైతే ఆ తేడా అరచేతి వెడల్పు ఉండేదేమో. లోయ అవతలికి వెళ్ళేసరికి అది రొమ్ముకూ భుజానికీ ఉన్న తేడా అయింది. గోగన ఏడుపు ఆపుకోలేకపోయాడు. ఏడుస్తూనే కడ్డీ అందుకున్నాడు.

“తల్లి వాటా తల్లికి ముట్టింది. ఇది నీది” అని తిమ్మక్క కొమ్మును గొట్టంలోకి బోర్లించింది. చిటికెడు కూడా మిగల్చలేదు.

అవతల కరాళదంతుడు చిత్రభానుడు చెప్పినట్టే చేశాడు. పీట దిగకుండానే వంగి, బైరన్నను జుట్టు పట్టి పైకి లాగి, చంటిబిడ్డను కూర్చోబెట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. అతని తల వెనక తన తల దాచాడు. నవ్వు మాత్రం దాచలేదు. అది లోయంతా దొర్లుకుంటూ వచ్చింది. ఇప్పుడు గజకాళి ముందు ఉన్నది బైరన్న తప్ప ఇంకెవరూ కాదు.

సూర్యుడికీ కొండకూ మధ్య సందు వెంట్రుకంత అయింది. చిత్రభానుడు ఎవరూ చెప్పకుండానే మళ్ళీ మోకరించి భుజం ఇచ్చాడు. గోగన గురి రేకులోంచి చూశాడు. తమ్ముడి నుదురు, తమ్ముడి రొమ్ము, తమ్ముడి నెత్తుటి భుజం. వత్తి చేతిలో కాలిపోతోంది. ఏడ్చిన కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. కొట్టడానికి జానెడు చోటు లేదు. చిత్రభానుడు వెనక్కి తిరగకుండానే చాలా మెల్లగా, సూర్యుడు తాకకముందే బైరన్న పోతే మాంత్రికుడి దీక్ష భగ్నమవుతుందని అన్నాడు. రాజ్యం కోసం ఆలోచించేవాళ్ళకు అలా తోచడం సహజం. గోగన వత్తిని గొట్టానికి దూరంగా జరిపాడు.

అప్పుడు బైరన్న కదిలాడు. పారిపోవడానికి కాదు. చీలిన కుడి భుజాన్ని కొంచెం ముందుకు తెచ్చి, మెడను ఎడమకు వంచాడు. గొట్టానికి చోటు చేసేటప్పుడు ఎప్పుడూ వంచినంతే, అంతకంటే ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఆ వంచిన తలకూ భుజానికీ మధ్య ఖాళీలో కరాళదంతుడి కన్ను, చెంప, ఒక నల్లటి కోర కనిపించాయి.

పెట్టన్నా అన్న మాట ఇంత దూరం వినిపించదు. గోగనకు వినిపించింది.

వత్తి దిగింది. ఈసారి గజకాళి మోత వేరుగా ఉంది, బిగువుగా, లోతుగా, ఇన్నేళ్ళూ అతను విన్న మోతలా. పొగ మబ్బులా లేచి గట్టును కప్పేసింది. ఏమయిందో కనబడదు. చిత్రభానుడు కుడి చెవి పట్టుకుని పక్కకు ఒరిగాడు. గోగన పొగ విడేదాకా ఆగలేదు. తుపాకిని అక్కడే పడేసి వంతెన వైపు పరిగెత్తాడు. మాంత్రికుడు చచ్చి ఉంటే గీత కూడా చచ్చి ఉంటుంది. చావకపోతే తను రాయి అవుతాడు. అది తేల్చుకోవడానికి గీత దాటడం కంటే వేరే మార్గం అతనికి తోచలేదు. వెనక నుంచి తిమ్మక్క అరుస్తూనే ఉంది.

కుడి కాలు గీత అవతల పెట్టాడు.

ముందు పాదం చల్లబడింది. బావి నీళ్ళలో పెట్టినట్టు, హాయిగానే. తరవాత మడమ బరువెక్కింది. పిక్క బిగుసుకుంది. చూస్తుండగానే చర్మం బూడిద రంగు తిరిగి గరుకుగా మారుతూ పైకి ఎక్కింది. ఎక్కి, మోకాలి దగ్గర ఆగింది. అక్కడి నుంచి పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. చిత్రభానుడు వచ్చి చంకల కింద చేతులు వేసి వెనక్కి లాగాడు. పాదం కొండలో భాగమైపోయి ఉంది, కదలలేదు.

గీత సగం చచ్చింది. అంటే మాంత్రికుడు కూడా అంతే.

గాలి వీచి పొగ తేలిపోయింది. రాతి పీట ఖాళీగా ఉంది. బైరన్న దొర్లి మళ్ళీ మెట్టు మీదికి పడ్డాడు, పడ్డవాడు ఎలాగో మోకాళ్ళ మీదికి లేచి ఇటు తిరిగి కూర్చున్నాడు. అతని వెనక, పీట పక్క నుంచి ఒక నల్లటి ఆకారం నేల మీద పాకుతోంది. దవడ వేలాడుతోంది, కోర ఒకటి లేదు, ఒక చేయి ఒంటికి ఆనుకుని చచ్చుబడింది. రెండో చేత్తో కొడవలిని రాళ్ళ మీద ఈడ్చుకుంటూ, అంగుళం అంగుళం బైరన్న వైపే వస్తోంది. బైరన్న చెవి వినబడని వైపు నుంచి వస్తోంది. తనంతట తను పీట దిగలేదు గనక మాంత్రికుడి దీక్ష ఇంకా చెడలేదు. పడమట సూర్యుడి అంచు కొండ కొనను అంటింది.

గోగన అరిచాడు. గొంతు పగిలేలా, వెనక్కి చూడమని అరిచాడు. గాలి ఎదురుగా వీస్తోంది. గట్టు మీద తిమ్మక్క పోతు కొమ్మును తలకిందులు చేసి అరచేతిలో తట్టింది. తట్టింది, మళ్ళీ తట్టింది.

అవతల బైరన్న తల ఎడమకు వంచి, భుజం ముందుకు పెట్టి, రెప్ప వేయకుండా కూర్చున్నాడు. అన్న ఇంకో గుండు వేస్తాడని చూస్తున్నాడు. మందు అయిపోయిందని అతనికి తెలియదు.